ముందు గంగ కనపడాలండీ

ఈమధ్య ఎవర్ని పలకరించినా కాశీ వెళ్ళొచ్చామంటున్నారు. శుక్రవారం పొద్దున హైదరాబాదులో విమానం ఎక్కడం, ఆదివారం రాత్రికి ఇంట్లో పడటం. గుంటూరులో పెళ్ళికి వెళ్ళొచ్చినా ఇంతకంటే ఎక్కువ హడావుడి ఉంటుంది.

మా చిన్నప్పుడు కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనేవారు. ఉత్తినే పుట్టిన మాట కాదది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మేలో చెన్నపట్నంలో పల్లకీ ఎక్కి పరివారంతో కాశీకి బయల్దేరితే, మళ్ళీ ఇల్లు చేరింది 1831 సెప్టెంబరులో. మేం అంత కష్టపడలేదు లెండి. 1960లలో బామ్మ వెంట నేను వెళ్ళింది రైల్లోనే. ఆ ప్రయాణం కోసం ఆవిడ జీవితమంతా రూపాయి రూపాయి కూడబెట్టింది. బెజవాడలో గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఇటార్సీలో దిగడం, జబల్‌పూరు మీదుగా అలహాబాదు వైపు పోయే బండి కోసం ట్రంకు పెట్టెల మీద కూర్చుని పడిగాపులు. కిటికీలోంచి తల బయట పెడితే కంట్లో బొగ్గు నలక. మొదటిరోజు పులిహోర, ఆ తర్వాత అటుకులూ జంతికలూ, మరచెంబులో నీళ్ళు. నైనీ దగ్గర యమున దాటుతుంటే బామ్మ లేచి కూర్చుంది. ఇక పడుకోలేదు.

మొగల్‌సరాయ్‌లో బండి మారాక వచ్చేది అసలు సంగతి. 1887లో కట్టిన వంతెన అది, పైన రోడ్డు, కింద రైలు. ఇనప గడ్డర్ల సందుల్లోంచి ఎడమవైపున గంగ, ఒడ్డు పొడుగునా వంపు తిరిగిన ఘట్టాలు. పెట్టెలో తెలుగువాళ్ళూ, హిందీవాళ్ళూ అందరూ ఒక్కసారే లేచి దణ్ణాలు. బామ్మ కొంగుముడి విప్పి చిల్లర విసిరింది. ఒక నాణెం గడ్డరుకు తగిలి తిరిగొచ్చి మా కాళ్ళ దగ్గరే పడింది. “చాల్లే, దారిఖర్చులకి ఉంచుకోమంటోందిరా గంగమ్మ” అంది. చేరడమంటే మాకు అదే. ఊళ్ళో దిగడం తర్వాతి మాట.

మొన్న మా అబ్బాయి నన్నూ విమానంలో లాక్కెళ్ళాడు. రెండు గంటలు. బాబత్‌పూరులో దిగాం. అక్కణ్ణుంచి పాతిక కిలోమీటర్లు కారు, హారన్లు, హోటలు, భోజనం, తర్వాత దర్శనం. గంగ కనిపించింది అన్నిటికంటే చివర! ఇంటికొచ్చినవాడు వంటింట్లోంచి వెనక్కి నడిచి వీధి గుమ్మంలో యజమానిని పలకరిస్తాడా? “వచ్చేశాం కదా నాన్నా, ఇంకా ఏమిటి?” అన్నాడు వాడు. వాడికేం చెప్పను? తొమ్మిది రాత్రులు కాశీలో నిద్ర చేయాలన్న మాట వినగానే సెలవులు లేవన్నాడు.

న్యాయంగా చెప్పాలంటే 2021 డిసెంబరులో తెరిచిన విశ్వనాథ ధామం మంచి పనే. మూడు వేల చదరపుటడుగుల ఇరుకులో మాలాంటి వాళ్ళు నలిగిపోయేవాళ్ళం. ఇప్పుడది ఐదు లక్షల చదరపుటడుగులు, లలితా ఘాట్ దాకా. గుళ్ళోకి ఫోన్లు రానివ్వరు, ఆ నిబంధన పెట్టినవాళ్ళకి రెండు చేతులా దణ్ణం. కానీ పాత సందుల్లో దారి తప్పి, మలుపు తిరగ్గానే గుడి కనిపించడం పోయింది. ఆ సందుల్లోని ఇళ్ళు కొని, కూల్చేశారు.

కాశీ వెళ్ళేవాళ్ళకి ఒకటే మనవి. వచ్చేటప్పుడు విమానం ఎక్కండి, నాకేం అభ్యంతరం లేదు. వెళ్ళేటప్పుడు మాత్రం రైల్లోనే, దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. మొగల్‌సరాయ్ పేరు 2018లో మారింది, బోర్డు మీద పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అని ఉంటుంది, కంగారుపడకుండా దిగండి. అక్కడ కాశీ వైపు పోయే ఏ రైలైనా ఎక్కి, ఎడమవైపు కిటికీ పట్టుకోండి.