జోన్స్‌కు సేవ్ ఇచ్చి చెడగొట్టారు

జహీరాబాద్‌లో నలభైకి దగ్గరపడ్డ మగాణ్ని ఎవరినైనా ఆపి "ఐజీఐ వన్ గొప్పదా, టూ గొప్పదా?" అని అడిగి చూడండి. చెరకు ట్రాక్టర్ రోడ్డు పక్కన ఆపి మరీ వాదనకు దిగుతాడు. గెలిచేది వన్నే.

ప్రాజెక్ట్ ఐజీఐ అనే కంప్యూటర్ ఆట 2000 చివర్లో వచ్చింది. చేసింది నార్వేలోని ఇన్నర్‌లూప్ స్టూడియోస్. అంతకుముందు వాళ్లు జాయింట్ స్ట్రైక్ ఫైటర్ అని విమానాల ఆట చేశారు. ఆ ఇంజిన్నే దీనికీ వాడారు. ఆకాశంలోంచి చూడాల్సిన మైదానాల్లో పాపం మన హీరో డేవిడ్ జోన్స్ కాలినడకన పోవాలి. శత్రువుల బేస్ కనబడేలోపే నెట్ సెంటర్లో అరగంట ఖర్చయ్యేది.

కంచె పక్కన నక్కి, డ్రాగునోవ్ తుపాకీతో వాచ్‌టవర్ మీది సోల్జర్ తల వెతుకుతుంటే, కుర్చీ వెనక నిలబడ్డ నలుగురూ ఊపిరి బిగబట్టేవారు.

"అరే, కెమెరా ఉందిరా!"

"చుప్ బే, వాణ్ని ఆడనీ!"

ఈ గొడవలో సైరన్ మోగేది. ఇక బ్యారక్స్‌లోంచి సోల్జర్లు వస్తూనే ఉంటారు. అంత చిన్న రేకుల గదిలో అంతమంది ఎట్లా పడుకుంటారో ఇప్పటికీ అంతుబట్టదు. చచ్చామా, మిషన్ మళ్లీ మొదటికే. మధ్యలో సేవ్ లేదు. కరెంటు పోయిందంటే గుండు తగలకుండానే జోన్స్ ఖతం. నెట్ సెంటర్ భాయ్ మాత్రం చల్లగా వచ్చి "ఇంకో గంట ఏద్దామా తమ్మీ?" అనేవాడు. ఆ ఆట మీద మాకంటే ఎక్కువ ప్రేమ ఆయనదే.

2003లో ఐజీఐ టూ వచ్చింది. మిషన్లు 14 నుంచి 19 అయ్యాయి. రష్యా, లిబియా, చైనా తిప్పారు. బోలెడు తుపాకులు, చీకట్లో మనిషి వేడిని పట్టే కళ్లద్దాలు, చాలామంది కలిసి ఆడే వీలు, అన్నీ ఇచ్చారు. లెక్కపెట్టి సేవ్‌లు కూడా ఇచ్చారు. అక్కడే కొంప మునిగింది. తలుపు తెరిచేముందు సేవ్, మెట్లెక్కేముందు సేవ్. చస్తే ఏమైంది, మళ్లీ అక్కడి నుంచే. కుర్చీ వెనక జనం ఒక్కొక్కరే జారుకున్నారు. చచ్చినా నష్టం లేనివాడి కోసం ఊపిరి బిగబట్టడానికి వాళ్లకేం పని? భాయ్ ముఖంలోనూ కళ పోయింది. ఒక్క మిషన్‌కు మూడు గంటలు కట్టే పిల్లలు గంటలో ముగించి లేచిపోతుంటే ఆయన గిరాకీ ఏం కావాలి?

విమర్శకులు మొదటిదాన్ని తిట్టిందే సేవ్ లేదని, కలిసి ఆడే వీల్లేదని. వాళ్లు గంటకింతని డబ్బు కట్టి ఆడి ఉండరు.

ఐజీఐ ఆరిజిన్స్ అని 2019లో ఇంకోటి ప్రకటించారు. ప్రకటన వచ్చింది, ఆట రాలేదు. ఎప్పటికైనా ఎవరైనా చేస్తే ఒక్కటే మనవి: సేవ్ పెట్టకండి. కరెంటు సంగతి మేం చూసుకుంటాం.