ఆ రాత్రి నేను ఫోన్ చేయలేదు

2023 మే నెల. యాసంగి వడ్ల పైసలు మా మేనమామ ఖాతాలో పడి వారం కూడా కాలేదు. రాత్రి పదకొండున్నర ప్రాంతంలో బాన్సువాడలోని మా ఇంటి తలుపు కొట్టాడు. ఫోన్ పట్టుకున్న చెయ్యి వణుకుతోంది.

"అల్లుడా, లక్ష రూపాయలు కట్ అయినయని మెసేజ్ వచ్చింది రా. నేనెవ్వరికీ పంపలె. నువ్వు చదివింది గిదే గద, జర చూడు."

అవును, నేను చదివింది అదే. అమీర్‌పేటలో ఆరు నెలలు ఎథికల్ హ్యాకింగ్ కోర్సు చేశాను. పరీక్షకు ముందు ఎవరో పంపిన ప్రశ్నలూ జవాబులూ బట్టీ పట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. అది ఇంటి గోడ మీద ఉంది. మా వీధిలో నన్ను హ్యాకింగ్ నేర్చిన పిల్లగాడనేవారు. ఆ పేరంటే నాకెంత ఇష్టమో ఆ రాత్రి బయటపడింది. "భయపడకు మామా, పొద్దుగల్ల వరకు దొంగ ఎవడో చెప్తా" అన్నాను.

మధ్యాహ్నం వాట్సాప్‌లో వచ్చిన ఒక ఫైలును మామ నొక్కాడు. బ్యాంకు కేవైసీ అని రాసి ఉందట. ల్యాప్‌టాప్‌లో కాలీ లినక్స్ తెరిచి ఆ ఫైలును విప్పాను. అందులో దొరికిన సర్వర్ చిరునామా మీద ఎన్‌మ్యాప్ నడిపాను. అనుమతి లేకుండా పరాయి సర్వర్‌ను తడమడం చట్టం ముందు నిలవదన్న ఆలోచన కూడా రాలేదు. నల్లటి తెర మీద అక్షరాలు పరుగెడుతుంటే నేనేదో పెద్ద పని చేస్తున్నానని గట్టిగా నమ్మాను. మామ గోడకు ఆనుకుని నా ముఖమే చూస్తున్నాడు. ఆయన ఫోన్ నా మోకాలి పక్కనే ఉంది. డేటా ఆన్‌లోనే ఉంది.

పొద్దున బ్యాంకులో స్టేట్‌మెంట్ తీసిచ్చారు. 11:14కి లక్ష. 12:07కి ఎనభై ఆరు వేలు. అర్ధరాత్రి దాటితే తేదీ మారుతుంది, రోజు పరిమితి మళ్లీ మొదటికొస్తుంది. దొంగలు దాని కోసమే ఆగారు. మామ ఫోన్‌లో కూర్చున్న ఆ ఫైలు ఓటీపీలను వాళ్లకు చేరవేస్తూనే ఉంది, రెండో మెసేజ్‌ను మాకు కనబడనివ్వలేదు. కౌంటర్‌లో ఉన్నాయన ఒక్కటే అడిగాడు: "1930కి ఎన్నింటికి చేశారు?"

చేయలేదు. సైబర్ మోసాలకు ఫిర్యాదు చేసే ఆ నంబర్ నాకు తెలుసు, పోస్టర్ల మీద ఎన్నోసార్లు చూశాను. సామాన్యులు చేసే పని అనుకున్నాను. 1930కి చెబితే ఆ ఫిర్యాదు బ్యాంకులకు వెళుతుంది, డబ్బు ఏ ఖాతాలో ఆగి ఉంటే అక్కడ దాన్ని బిగించే వీలుంటుంది. ఆ డబ్బు గంటల్లోనే ఖాతా నుంచి ఖాతాకు దూకి ఎక్కడో ఏటీఎంలో నోట్లుగా బయటికొస్తుంది కాబట్టి మొదటి గంటే ప్రాణం. నేను చేయాల్సినవి మూడే మూడు: ఫోన్‌కు నెట్ తీసేయడం, ఖాతా ఆపించడం, 1930కి చెప్పడం. పది నిమిషాల పని.

ఇంటికొస్తూ మామ నన్ను తిట్టలేదు. కాలువ వంతెన దగ్గర బండి ఆపి నీళ్లకేసి చూస్తూ, "రాత్రి కాలువకు గండి పడితే ముందుగాల గండి పూడుస్తం. ఎవడు కొట్టిండో తెల్లారినంక అడుగుతం" అన్నాడు. నన్ను ఉద్దేశించి అన్నాడో, తనలో తాను అనుకున్నాడో ఇప్పటికీ తెలియదు. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931కి పూర్తి చేసిన నిజాంసాగర్ నీళ్లే మా పొలాలకు ఆధారం. మామ చీకట్లో గట్టు మీద నిలబడి చప్పుడును బట్టే పిల్లకాలువలో నీరు తగ్గిందని చెప్పేవాడు. రోజూ ఎలా పారుతుందో తెలిసినవాడికే ఇవాళ తేడా తెలుస్తుంది.

నేను కోర్సులో దాటేసినవన్నీ అలాంటివే. నెట్‌వర్కింగ్ విసుగనిపించి వదిలేశాను. లాగ్‌లు చదవడం గుమాస్తా పని అనుకున్నాను. రిపోర్టు రాయడం నేర్పిన రోజు క్లాసుకే పోలేదు. ఆ ఏడాది చివర్లో హైదరాబాద్‌లో ఒక ఇంటర్వ్యూకి వెళితే, ఒక్క హ్యాకింగ్ టూల్ గురించీ అడగలేదు. 2022 జనవరిలో మహేష్ బ్యాంకు నుంచి రూ.12 కోట్లకు పైగా ఎలా పోయాయో చెప్పమన్నారు. ఉద్యోగులకు వచ్చిన ఫిషింగ్ మెయిళ్లతో దొంగలు లోపలికొచ్చారు, అక్కడి నుంచి అసలు వ్యవస్థ దాకా పాకారు. "నువ్వు ఆ రాత్రి డ్యూటీలో ఉంటే ఏ లాగ్‌లో ఏం చూసేవాడివి? ముందు దేన్ని విడదీసేవాడివి? పై అధికారికి నాలుగు వాక్యాల్లో ఏమని రాసేవాడివి?" నోరు పెగల్లేదు. మామ ఫోన్ కళ్లముందు మెదిలింది.

ఆ ఉద్యోగం రాలేదు. బాన్సువాడకు తిరిగొచ్చి పదకొండు నెలలు మొదటి నుంచి చదివాను. వైర్‌షార్క్ పెట్టి మా ఇంటి వైఫైలో ఏం పారుతోందో రోజూ చూశాను. విండోస్‌లో 4624 అంటే లాగిన్ అయినట్టు, 4625 అంటే విఫలమైనట్టు. రెండోది వరసగా వచ్చి చివర్లో మొదటిది ఒక్కటి పడితే గుండె ఝల్లుమనాలని అప్పుడే తెలిసింది. వేల లాగ్‌ల్లోంచి కావలసింది ఏరడానికి సరిపడా పైథాన్, క్లౌడ్‌లో ఎవరికి ఏ అనుమతి ఉందో చూసే ఓపిక కూడా అలాగే కూడబెట్టుకున్నాను. సైబర్ దాడి వంటి సంఘటన తెలిసిన 6 గంటల్లోగా సంస్థలు తనకు చెప్పాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. తప్పులేకుండా, త్వరగా రాసేవాళ్ల కోసం కంపెనీలు ఎందుకు వెతుకుతున్నాయో నాకిప్పుడు అర్థమవుతోంది. గచ్చిబౌలిలో అలాంటి ఒక కంపెనీలోనే రాత్రి డ్యూటీ చేస్తున్నాను. అనుమానం వస్తే ముందు ఆ మెషీన్‌ను నెట్ నుంచి వేరు చేస్తాను, తర్వాతే మిగతా ప్రశ్నలు.

మామకు మాత్రం ఒక మాట ఇంకా చెప్పలేదు. డబ్బంతా తను మా తలుపు కొట్టక ముందే పోయిందని ఆయన నమ్మకం. స్టేట్‌మెంట్ ఆ రోజు నుంచీ నా దగ్గరే ఉంది. 12:07 కింద నేనే గీత గీశాను. దసరాకు ఇంటికెళ్లినప్పుడు దాన్ని ఆయన చేతిలో పెట్టాలి.