16 తీసి 20 వేశాను

మలుపులో బండి ఒరగడమే దాని జబ్బు అనుకున్నాను. నా తెలివితక్కువతనం అక్కడ మొదలైంది.

అమ్మకు కార్లో కడుపులో తిప్పుతుంది. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌లో అక్క వాళ్లింటికి పోవాలంటే జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూరు, నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కాలి. మలుపు మలుపుకీ మా పాత సెడాన్ పక్కకు వాలేది. అమ్మ కిటికీ పైనున్న పిడి పట్టుకుని కళ్లు మూసుకునేది. ఒరుగుడు ఆగితే ఆమెకు సుఖమని, వెనుక స్టెబిలైజర్ రాడ్డు మందం పెంచాలని తీర్మానించుకున్నాను.

అది ఎడమ, కుడి చక్రాలను కలుపుతూ బండి కింద అడ్డంగా ఉండే స్ప్రింగు ఉక్కు కడ్డీ. రెండు చక్రాలూ కలిసి లేస్తే ఊరికే తిరుగుతుంది. ఒకటి లేచి ఒకటి దిగితే మెలిపడి ఎదురు తంతుంది. దాని బిగువు వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 16 మిల్లీమీటర్లది తీసి 20ది వేస్తే దాదాపు రెండున్నర రెట్లు. డబ్బు కట్టేముందు ఈ లెక్క నేను వేయలేదు.

బండిని లిఫ్టు ఎక్కించాక మెకానిక్ నన్ను కిందికి పిలిచి టార్చి వేశాడు. ముందు రాడ్డును పట్టి ఉంచే రబ్బరు బుష్ పగుళ్లు పట్టింది. రాడ్డుకూ దానికీ మధ్య స్క్రూడ్రైవర్ కొన దూరేంత సందు. రాడ్డును చక్రం వైపు కలిపే లింకును చేత్తో ఊపితే టకటక కొట్టింది.

"అన్నా, బుష్‌లు ఖరాబైనయ్. ముందుగాల గివి మారుద్దాం. గా పెద్ద రాడ్డు నీకెందుకు?"

"అవి తర్వాత చూద్దాం, తెచ్చింది బిగించు" అన్నాను. ఏళ్ల తరబడి బండ్ల కింద పడుకుని నేర్చుకున్న మనిషితో ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మలుపులో లోపలి చక్రాల మీది బరువు బయటి చక్రాల మీదికి పోతుంది. ఎంత పోతుందో బండి బరువు, ఆ బరువు కేంద్రం ఎత్తు, చక్రాల మధ్య వెడల్పు, వేగం, మలుపు వంపు తేలుస్తాయి. రాడ్డు దాన్ని తగ్గించదు. అందులో ముందు జత ఎంత మోయాలి, వెనుక జత ఎంత మోయాలన్నదే మారుస్తుంది. టైరు మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు కాబట్టి ఎక్కువ వాటా పడ్డ జతకు పట్టు తగ్గుతుంది. ఇంజను ముందుండి, ముందు చక్రాలే లాగే బండి నాది. వెనుక అసలే తేలిక. ముందు బుష్‌లు సడలిన బండికి వెనుక బిగించి, ఆ తేలిక చక్రాలనే బలహీనం చేశాను.

పైగా అమ్మకు మేలు కూడా జరగలేదు. ఒక చక్రం గుంతలో పడితే గట్టి రాడ్డు ఆ కుదుపును అవతలి చక్రానికి మోస్తుంది, లోపల కూర్చున్నవాళ్ల తల అటూ ఇటూ విసురుగా ఊగుతుంది. కొత్త రాడ్డుతో అక్క వాళ్లింటికి బయల్దేరితే ఆమెకు వాంతి అయింది ఘాట్‌లో కాదు, మెట్‌పల్లి రాకముందే.

తిరుగు ప్రయాణంలో ముసురు. ఘాట్ దిగుతూ ఎడమ మలుపులో ఎదురుగా లారీ కనిపించేసరికి యాక్సిలరేటర్ మీద కాలు ఒక్కసారిగా తీసేశాను. బరువు ముందుకు వాలింది, బండి వెనుక భాగం కుడికి, లారీ వైపుకే జారింది. బ్రేకు ముట్టకుండా స్టీరింగ్ జారినవైపే తిప్పాను. లారీ డ్రైవరు పక్కకు తీయడంతో బతికాం.

చాలాసేపటికి అమ్మ అంది: "నాకు తిప్పితే తిప్పనీ బిడ్డా. నువ్వు పైలంగ పో."

మర్నాడే పాత 16 రాడ్డు మళ్లీ ఎక్కించి, ముందు బుష్‌లు, లింకులు కొత్తవి వేయించాను. బండి ఇప్పుడూ ఒరుగుతుంది, కానీ మునుపటంత కాదు, అదాటున కాదు. తడి రోడ్డు మీద తొందరపడితే ముందు చక్రాలే మొదట పట్టు వదులుతాయి. అది స్టీరింగ్‌లో చేతికి తెలుస్తుంది, వేగం తగ్గిస్తే చాలు. అమ్మను ముందు సీట్లో కూర్చోబెడుతున్నాను. ఆమెకు కొంత నయం.

మంచిర్యాల మిత్రుడొకడు ఆ 20 రాడ్డు తనకిమ్మని అడిగాడు. వాడిదీ అదే మోడల్. బండిని లిఫ్టెక్కించి ముందు బుష్‌లు చూపించుకొమ్మన్నాను. రాడ్డు మాత్రం ఇవ్వలేదు.