ఎద్దుకు స్టే

పేక తయారుచేయడం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఎ4 కాగితం మీద పేకముక్క సైజులో 9 బొమ్మలు పడతాయి. 6 కాగితాలు ప్రింట్ తీయిస్తే 54 ముక్కలు. మందపాటి కాగితం, స్టీలు స్కేలు, కొత్త బ్లేడు, తెగిన వేలికి పసుపు. అంతే. చిక్కల్లా ఏ ముక్క దేన్ని కొట్టాలో రాసేటప్పుడు వస్తుంది. ఆడేవాళ్లలో సగం మంది మహారాష్ట్రలోని మా నాందేడ్ తెలుగువాళ్లు, సగం మంది పక్కింటి మరాఠీవాళ్లు అయితే ఆ చిక్కుకు అంతుండదు.

మా ఆట పేరు జంతువుల ఒలింపిక్స్. ముక్కకో జంతువు. దాని కింద పరుగు, ఈత, బరువులెత్తడం, గోడెక్కడం, కబడ్డీలకు పదికి ఇన్నని మార్కులు. ఒకరు ఆట పేరు చెబితే అందరూ తలో ముక్క వేయాలి. ఎక్కువ మార్కులున్నవాడు అన్నీ ఊడ్చుకుపోతాడు.

చీతాతో పేచీ రాలేదు. అమెరికాలో సిన్సినాటి జూలోని సారా అనే చీతా 2012లో 100 మీటర్లు 5.95 సెకన్లలో పరుగెత్తింది. అదే దూరానికి ఉసేన్ బోల్ట్‌కు 2009లో బెర్లిన్‌లో పట్టింది 9.58 సెకన్లు. పరుగులో పదికి పది వేసేశాను.

మా బాపు ముక్కలన్నీ తిరగేసి కళ్లజోడు తీశాడు. "ఏడనో ఉన్న కంగారూను పెట్టినవ్, మన కంధార్ ఎద్దేదిరా?" న్యాయమైన ప్రశ్నే. ఎర్రగా నిగనిగలాడే లాల్ కంధారీ జాతికి ఆ పేరొచ్చింది మా జిల్లా కంధార్ వల్లే. కంగారూను తీసేసి ఎద్దును పెట్టాను. బరువుల్లో 9, పరుగులో 8.

పక్కింటి కాకా వకీలు. ఆ 8 చూడగానే ఆయన లోపలి నల్లకోటు నిద్రలేచింది. ఎడ్ల పందేలను సుప్రీంకోర్టు 2014లో నిషేధించింది, మహారాష్ట్రలో 2021 డిసెంబరులో మళ్లీ అనుమతించింది, 2023లో రాజ్యాంగ ధర్మాసనం ఆ పందేలకు పచ్చజెండా ఊపింది. ఇంత కోర్టుపక్షి ఆటలో ఉండగా ఆ ఘట్టం లేకపోతే ఎలా అన్నాడు. అలా 'స్టే' ముక్క పుట్టింది. నిజానికది నిషేధం, స్టే కాదు. ఆ సంగతి ఆయనకే బాగా తెలుసు. కానీ ముక్క మీద అంత చోటు లేదు. అది పడితే ఎద్దు కొట్టంలో కూర్చోవాల్సిందే. ఆ ముక్క ఎప్పుడూ కాకాకే ఎలా వస్తుందో, పేక కలిపేది కూడా ఎప్పుడూ ఆయనే ఎందుకో నేను అడగలేదు.

ఇలాంటి పేచీలు తప్పించడం పాతవాళ్లకు తెలుసు. మాకు భైంసా దాటితే వచ్చే నిర్మల్‌లో నకాషీ చిత్రకారులు ఒకప్పుడు గంజీఫా అనే పాతకాలపు పేకముక్కలు చేత్తో గీసేవారు. దశావతార గంజీఫాలో పది రంగులు, 120 ముక్కలు. చేప, తాబేలు, పంది అన్నీ ఉంటాయి. పగలైతే రాముడున్నవాడు, రాత్రయితే కృష్ణుడున్నవాడు ఆట మొదలుపెట్టాలి. దేవుళ్ల దగ్గర వకీళ్ల వాదన నడవదు.

మాకు అసలు గొడవ ఉడుముతో వచ్చింది. పట్టులో ఉడుమును మించింది లేదని తెలుగింట పుట్టినవాడికి వేరే చెప్పాలా? కబడ్డీలో పది వేశాను. కాకా కొడుకు ఊరుకోలేదు. 1670లో శివాజీ సేనాని తానాజీ కొండాణా కోట ఎక్కింది ఘోర్‌పడ్‌కు, అంటే మరాఠీవాళ్ల ఉడుముకు, తాడు కట్టేనట, దాని పేరు యశవంతి అట, కాబట్టి గోడెక్కడంలోనూ పది వేయాలట. అది కథే కానీ చరిత్ర కాదనేవాళ్లున్నారు. నాందేడ్‌లో కూర్చుని ఆ మాట పైకి అనే ధైర్యం నాకు లేదు. వేశాను. ఈత పేరు చెప్పి దాన్ని ముంచుదామని మా అమ్మాయి చూసింది. ఉడుములు బాగానే ఈదుతాయని పుస్తకంలో చదివి ఏడ్చింది.

ఏనుగు సంగతి మా ఆవిడ తేల్చింది. 1982 ఢిల్లీ ఏషియాడ్ చిహ్నం అప్పూ ఒక్క ఆటా ఆడకుండానే దేశమంతా పేరు తెచ్చుకుంది కదా, దీన్నీ ముఖ్య అతిథిని చేయమంది. ఆ ముక్క వేసినవాడు లేచి ప్రసంగించాలి. ముగిసేదాకా ఎవరూ ముక్క కదపకూడదు. ఎంతసేపు మాట్లాడాలో నిబంధనల్లో లేదు. ముఖ్య అతిథులకు అలాంటి నిబంధన ఎక్కడుంది కనుక?

మొన్న కాకా స్టే వేయగానే బాపు అప్పూను వేసి లేచాడు. కంధారీ ఎద్దు కొమ్ముల దగ్గర ఎత్తుకున్నాడు. మూపురం దగ్గరికొచ్చేసరికి కుక్కర్ చల్లారింది. గంగడోలు దగ్గర పిల్లలు నిద్రపోయారు. తోక ఇంకా మిగిలుండగానే కాకా స్టే వెనక్కి తీసుకున్నాడు. కోర్టు ఖర్చుల కింద ఉడుమును కూడా ఇచ్చేశాడు.