సెన్సారే అయ్యుంటాది

పలాస నుంచి టెక్కలి దాకా జాతీయ రహదారి 16 పక్కన ఎక్కడైనా ఓ లారీ క్యాబిన్ ముందుకు వంగి కనిపిస్తే చాలు, టీ గ్లాసు చల్లారేలోపు దాని చుట్టూ వైద్యబృందం తయారవుతుంది. జీడిపప్పు లోడు కోసం వచ్చిన బ్రోకరు, పంక్చరు కొట్టు కుర్రాడు, వేరే బండి డ్రైవరు, ఏ బండీ లేని పెద్దమనిషి ఒకాయన. డ్రైవరు ఇంకా పూర్తిగా నోరు తెరవలేదు. "గేరు సరిగ్గా..." అనగానే తీర్పు వచ్చేసింది.

"సెన్సారే అయ్యుంటాది అన్నా. మరేటి?"

ఈ తీర్పును మరింత వేగంగా, మరింత ఖర్చుతో, మరింత నమ్మకంగా ఇవ్వాలనుకునేవారి కోసమే ఈ మార్గదర్శిని. లారీవాళ్లకే అనుకోనక్కర్లేదు. ఇంట్లో నీళ్ల మోటారు ఆగగానే కుర్చీలోంచి కదలకుండా "కెపాసిటరే" అని తేల్చేసే వ్యాసకర్తలకూ ఇందులో ప్రవేశం ఉంది.

ముందు యంత్రం సంగతి. మన రోడ్ల మీద ‘ఆటోమేటిక్’ అని పిలిచే పెద్ద లారీల్లో ఎక్కువ భాగం ఏఎంటీ బండ్లు. అంటే లోపల పాత పళ్లచక్రాల గేర్‌బాక్సే, పాత క్లచ్ ప్లేటే. క్లచ్ తొక్కే కాలు, రాడ్డు లాగే చెయ్యి మాత్రం కంప్యూటరువి. చాలా పెద్ద బండ్లలో ఆ కాలికీ చేతికీ బలం గాలి నుంచి వస్తుంది, బుద్ధి కరెంటు నుంచి వస్తుంది. వోల్వో ఐ-షిఫ్ట్ పేరుతో 2001లోనే ఈ పద్ధతి తెచ్చింది. భారత్‌బెంజ్ 2025లో టార్క్‌షిఫ్ట్ అంటూ గనుల టిప్పర్లకు ఇచ్చింది. టార్క్ కన్వర్టరు ఉండే అసలు సిసలు ఆటోమేటిక్‌లు మన దగ్గర ఎక్కువగా సిటీ బస్సుల్లో, గనుల డంపర్లలో కనిపిస్తాయి. రెంటికీ జబ్బులు వేరు. వేరని తెలిస్తే తీర్పు ఆలస్యమవుతుంది కాబట్టి మొదటి సూత్రం: తేడా కనుక్కోకూడదు.

రెండో సూత్రం. లక్షణం కన్నా ముందు పార్టు పేరు చెప్పాలి.

ఎప్పుడు కొడుతోంది? ఇంజను వేడెక్కాకా, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడా? లోడుతోనా, ఖాళీగానా? ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? ఏ గేరు నుంచి ఏ గేరుకి? వాన పడ్డాకనా? ఈ ప్రశ్నలు అడగడం మొదలుపెడితే మేస్త్రీకి ఏమీ తెలియదని జనం అనుకుంటారు. నేరుగా "స్పీడ్ సెన్సార్" అంటే గౌరవం. ఆ మాట పూర్తిగా అన్యాయమూ కాదు. గేర్‌బాక్సు లోపలికి ఎంత వేగం వస్తోంది, బయటికి ఎంత పోతోంది అన్న లెక్కను బట్టే కంప్యూటరు గేరు మారుస్తుంది. బయటి షాఫ్టు సెన్సారు మొనకు ఇనుపరజను పట్టినా, వైరు ఊగినా లెక్క తప్పి బండి పిచ్చిగా ప్రవర్తిస్తుంది. అంటే నాలుగైదు సార్లలో ఒకసారి సెన్సారే అవుతుంది. ఈ అలవాటు బతికి ఉండటానికి ఆ ఒక్కసారి చాలు. మిగతాసార్లు కొత్త సెన్సారు వేశాక కూడా బండి అలాగే కొడితే, "కంపెనీ సెన్సార్ కాదేమో అన్నా" అనే మాట సిద్ధంగా ఉంటుంది.

కోడ్లు చదవకుండా చెరిపెయ్యాలి. ఇది మూడోది, ఎంతో ముఖ్యం. బండి కంప్యూటరు తన బాధను రెండు సంఖ్యలతో చెప్పుకుంటుంది. ఏ భాగమో చెప్పేది ఎస్‌పీఎన్, ఏ రకం బాధో చెప్పేది ఎఫ్‌ఎంఐ. 191 అంటే గేర్‌బాక్సు బయటి షాఫ్టు వేగం. 168 అంటే బ్యాటరీ వోల్టేజి. పక్కన 2 ఉంటే సమాచారం నిలకడగా లేదని, 3 ఉంటే వోల్టేజి ఉండాల్సినదానికన్నా ఎక్కువని, 4 ఉంటే తక్కువని, 5 ఉంటే దారి తెగి ఉండొచ్చని అర్థం. 191 వచ్చిందంటే సెన్సారు పాడైందని కంప్యూటరు చెప్పినట్టు కాదు, ఆ సెన్సారు నుంచి వచ్చే కబురు బాగాలేదని చెప్పినట్టు. కబురు తెచ్చే వైరుదీ కావచ్చు తప్పు, కనెక్టరుదీ కావచ్చు. 168 కూడా పక్కనే ఉంటే అసలు కథ బ్యాటరీ దగ్గర మొదలై ఉండొచ్చు. ఇంత వివరం ఎవరు చూస్తారు? బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి పది నిమిషాలు ఆగి బిగిస్తే లైటు ఆరిపోతుంది. కొన్ని బండ్లలో దాంతోపాటు కంప్యూటరు ఇన్నాళ్లూ నేర్చుకున్న క్లచ్ కొలతలూ పోతాయి. లైటు ఆరింది కదా, చాలు.

ఇక బ్యాటరీ. దీని మీద ఒక గ్రంథమే రాయొచ్చు.

లారీకి 24 వోల్టులు. రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసలో కట్టి ఉంటాయి. డ్రైవరు పాటల పెట్టె 12 వోల్టులది. రాత్రి ఇచ్ఛాపురం దాటాక నిద్ర ఆపేది ఆ పాటలే కనుక అది లేకుండా బండి కదలదు. అందుకు దేశమంతా కనిపెట్టిన ఉపాయం ఒకటుంది: రెండు బ్యాటరీల మధ్య నుంచి వైరు లాగడం. పాటలు వస్తాయి, ఫోను ఛార్జవుతుంది, దేవుడి పటం చుట్టూ రంగుల బల్బులు వెలుగుతాయి. ఆల్టర్నేటరు మాత్రం రెంటినీ ఒకే బ్యాటరీ అనుకుని 28 వోల్టుల చొప్పున పోస్తూ ఉంటుంది. పాటలు పాడే బ్యాటరీకి ఎప్పుడూ ఆకలే, రెండోదానికి ఎప్పుడూ అజీర్తి. కొన్ని నెలలకు ఒకటి ఎండిపోతుంది, ఒకటి ఉడికిపోతుంది. బండి ఆపి మీటరు పెడితే రెండూ కలిపి 24 చూపిస్తాయి. "బ్యాటరీ ఫస్ట్‌క్లాస్" అని ధ్రువపత్రం వచ్చేస్తుంది. స్టార్టరు తిప్పిన క్షణంలో నీరసంగా ఉన్న బ్యాటరీ కుప్పకూలుతుంది. గేర్‌బాక్సు కంప్యూటరుకు కళ్లు తిరుగుతాయి. బండి కదిలాక హారన్లు, అదనపు ఫోకస్ లైట్లు, వైపర్లు కలిసి వాడితే మళ్లీ అదే. గేరు వేయబోయి వేయదు, న్యూట్రల్‌లో నిలబడిపోతుంది. అప్పుడు గేర్‌బాక్సు దింపుతారు.

దీనికి విరుగుడు ఉంది. ఒక్కో బ్యాటరీని విడిగా కొలవాలి, స్టార్టరు తిరుగుతుండగా కొలవాలి. పాటలకు 24 నుంచి 12కి దించే కన్వర్టరు పెట్టాలి. గేర్‌బాక్సు దింపే కూలితో పోలిస్తే దాని ధర ఏపాటిది? కానీ గేర్‌బాక్సు దింపితే ఓనరుకు పని జరిగినట్టు కనిపిస్తుంది, మీటరు పట్టుకు నిలబడితే మేస్త్రీ ఊరికే నిలబడ్డట్టు కనిపిస్తాడు. మన మరమ్మతుల లోకంలో చాకిరీ చూపించిన చోటే గానీ ఆలోచించిన చోట ఎవరూ డబ్బివ్వరు. ఇది మేస్త్రీల తప్పు అనడం కష్టం.

సముద్రం సంగతి అసలు ఎత్తకూడదు. వజ్రపుకొత్తూరు నుంచి కవిటి దాకా ఏడాది పొడవునా వీచే ఉప్పుగాలి కనెక్టర్ల లోపలికి వెళ్లి రాగికి పచ్చటి చిలుము పట్టిస్తుంది. ఛాసిస్‌కు బిగించిన ఎర్తు వైరు కింద తుప్పు పేరుకుంటుంది. బయటికి వైరు నిగనిగలాడుతుంది. ఇంజను నడుస్తుండగా, లైట్లన్నీ వేసి, బ్యాటరీ మైనస్‌కూ గేర్‌బాక్సు ఒంటికీ మధ్య మీటరు పెడితే అర వోల్టు తేడా కూడా రాకూడదు. వస్తే ఎర్తు సరిగా లేదని. రెండు నిమిషాల పని కాబట్టి చివరికి వాయిదా వేయడం ఉత్తమం.

గాలి ట్యాంకు కింద చిన్న డ్రెయిన్ కాక్ ఉంటుంది. దాన్ని ఎప్పుడూ తెరవకూడదు. తెరిస్తే ఈ ఉద్దానం తీరప్రాంతపు తేమ అంతా నీళ్లై కారి క్లీనరు కాళ్లు తడుస్తాయి.

ఎయిర్ డ్రయ్యర్ కార్ట్రిడ్జ్ మార్చడం దండగ. ఆ నీళ్లు గేరు మార్చే వాల్వుల్లోకి వెళ్లి అవి అంటుకుపోయినప్పుడు వాల్వులే మార్చుకోవచ్చు.

ఏ నూనె అయినా నూనే.

టార్క్ కన్వర్టరు ఉన్న బండిలో నూనె మట్టాన్ని ఇంజను ఆపి, చల్లగా ఉన్నప్పుడు, టైరు గోతిలో ఉండగా చూడాలి. ఆలిసన్ లాంటి గేర్‌బాక్సులకు నూనె 71 నుంచి 93 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడెక్కాక, సమతలం మీద, న్యూట్రల్‌లో ఇంజను నడుస్తుండగా చూడమని చెబుతారు. అలా చూస్తే సరైన మట్టం తెలిసిపోయే ప్రమాదం ఉంది.

బాడీకి పగిలిన యాంగిల్ అతికించేటప్పుడు బ్యాటరీ వైర్లు, కంప్యూటరు కనెక్టర్లు విప్పకుండా వెల్డింగ్ చేయించాలి. మెరుపులు బాగుంటాయి.

ఇంకో ముఖ్యమైన మెలకువ: జబ్బు కానిదాన్ని జబ్బుగా గుర్తించడం. ఉద్దానం కొబ్బరిపీచు లారీ నిండా ఎత్తితే తాళ్లు తెగేలా కనిపిస్తుంది గానీ బరువు ఉండదు. టెక్కలి నీలి గ్రానైటు ట్రెయిలర్ మీద ఒకటో రెండో దిమ్మలు ఉంటాయి, చూడటానికి బండి సగం ఖాళీ. కానీ ఘనమీటరు గ్రానైటు 2.7 టన్నుల దరిదాపుల్లో తూగుతుంది. కంప్యూటరు కంటితో చూడదు. ఇంజను ఎంత లాగితే బండి ఎంత కదిలిందో చూసి బరువు అంచనా కడుతుంది. పీచు లోడుతో ఉన్న 12 గేర్ల బండి మూడో గేరులో కదిలి, అయిదుకు దూకి, ఎనిమిదికి దూకుతుంది. బరువు లేదు కదా, మధ్యలో మెట్లెందుకు? "గేర్లు ఎగిరిపోతున్నాయి బావా" అని ఫోను వెళుతుంది. అదే బండి దిమ్మలతో క్వారీలోంచి పైకి ఎక్కేటప్పుడు ఒకటో గేరు వదలదు. "గేరు ఇరుక్కుపోయింది" అని ఇంకో ఫోను. మూలపేట పోర్టుకు రాళ్లు మోసే టిప్పరైతే లోడుతో వెళ్లేటప్పుడు ఒక మనిషి, ఖాళీగా వచ్చేటప్పుడు ఇంకో మనిషి. దిమ్మ దించిన వెంటనే మొదటి కిలోమీటరు బండి తికమకగా ఉంటే కంగారు పడనక్కర్లేదు, పాత బరువు అంచనాను అది మార్చుకుంటోంది. కంగారు పడాల్సింది ఒకే బరువుతో, ఒకే ఎత్తు మీద, రెండు గేర్ల మధ్య ఆగకుండా ఊగిసలాడినప్పుడు. క్లచ్ ప్లేటు కొత్తది వేసి కంప్యూటరుకు దాని కొలత నేర్పించకుండా వదిలేసినప్పుడు కూడా ఇలాంటి తిక్కలే వస్తాయి. నేర్పించడానికి స్కానరు కావాలి. ప్లేటు వేయడానికి అక్కర్లేదు. అందువల్ల ప్లేటు మాత్రమే వేస్తారు.

నవ్వుకోడానికి ఇంత ఉన్నా, ఉద్దానంలో ‘కారణం తెలియదు’ అన్న మాట తేలికైనది కాదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో దశాబ్దాలుగా వెతుకుతున్నారు. నీళ్లన్నారు, నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చాకిరీ అన్నారు, నొప్పి మాత్రలన్నారు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఇదే కారణమని వేలుపెట్టి చూపే స్థితి ఇంకా రాలేదు. అక్కడ మనిషి ఒంట్లో జవాబు దొరకక తెలియదు. ఇక్కడ బండిలో జవాబు ఉంది, మీటరుకు అందేంత దూరంలో ఉంది, అయినా తెలియదు.

ఎందుకంటే ఎవరికీ తీరిక లేదు. ఆగిన బండికీ నెల తిరిగేసరికి ఈఎంఐ కట్టాలి. జీడిపప్పు పార్టీ రేపటికి సరుకు చేరాలంటాడు. విశాఖ సర్వీసు సెంటరు పలాస నుంచి రెండు వందల కిలోమీటర్లకు కాస్త తక్కువ, అక్కడ వరసలో నిలబడితే రెండు ట్రిప్పులు గోవిందా. డ్రైవరు జరిగింది జరిగినట్టు చెప్పడు. "వేడెక్కాక ఎత్తు మీద కొట్టింది" అంటే "నువ్వెలా తోలావు?" అని ఓనరు అడుగుతాడు. మరమ్మతు ఖర్చు జీతంలోంచి పోతుందేమోనని భయం. ఆ భయం వట్టిదేమీ కాదు. కాబట్టి అతను "ఏటో బాబూ, అలగే అయిపోయింది" అని ఊరుకుంటాడు. అన్నిటికన్నా విలువైన సమాచారం, అంటే ఎప్పుడు ఎక్కడ ఎలా అన్నది, తెలిసిన ఏకైక మనిషి నోరు అలా మూతపడుతుంది. ఒక నోటు పుస్తకం, పెన్ను క్యాబిన్‌లో పెట్టి, రాసినందుకు తిట్టనని మాటిస్తే సగం సెన్సార్లు పాత బండ్లలోనే బతికి ఉండేవి.

చివరగా, ట్రయల్. మరమ్మతు అయ్యాక బండిని కచ్చితంగా ఖాళీగా, కచ్చితంగా చదునైన రోడ్డు మీద, ఇంజను వేడెక్కకముందే తిప్పి చూడాలి. కాశీబుగ్గ నుంచి హైవే ఎక్కి కొంత దూరం పోయి వెనక్కి తిరిగితే చాలు. కొడుతున్నది ముప్పై టన్నుల దిమ్మతో క్వారీ ఎత్తు మీద, మధ్యాహ్నం ఎండలో అని డ్రైవరు గొణిగితే వినిపించుకోకూడదు. ఆ లోడుతో ఆ ఎత్తు మీద మేస్త్రీని స్కానరుతో సహా పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కసారి ఎక్కితే కోడు, వోల్టేజి, గాలి ఒత్తిడి మూడూ ఒకే తెర మీద కనిపిస్తాయి. అయితే దానికి అర రోజు పోతుంది. అందుకని బిల్లు రాసేస్తారు, ఓనరు ఫోన్‌పే కొట్టేస్తాడు.

"సూసినావా అన్నా, గేర్లు వెన్నలా పడతన్నాయి."

బండి క్వారీ వైపు తిరుగుతుంది, లోడు కోసం.