పెరటి సీసం: ఇంటిల్లిపాదికీ చిట్కాలు

ఇన్వర్టర్ బ్యాటరీ పోయిందా? నిజామాబాద్‌లో కొన్న షాపుకే తిరిగిచ్చి అమాయకులు అనిపించుకోకండి. దాని బరువులో సగానికి పైగా సీసమే. పెరట్లో పగలగొట్టండి. యాసిడ్ కాల్వలోకి వంపేయండి, నిజాంసాగర్ నీళ్లలో కలిసి బోధన్ చెరుకు దాకా పోనివ్వండి, తీపి ఒక్కటే ఉంటే మొహం మొత్తదూ?

సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. పాత మూకుడు, ఎండిన చెరుకు పిప్పి ఉంటే పని మొదలైనట్టే. పైన తేలిన తెట్టును గరిటెతో తీసి, పిల్లలు మట్టితో ఆడుకునే మూలలో పోయండి. పొగ సంగతి గాలి చూసుకుంటుంది, పక్కింటివాళ్లున్నది దేనికి? కరిగింది చేపల వల గుండ్లకు పనికొస్తుంది. ఆ చొక్కాతోనే వచ్చి చంటిదాన్ని ఎత్తుకోండి. చేతులు కడిగితే దుమ్మంతా వృథా.

పిల్లల తెలివి చూడండి: మింగిన సీసంలో పెద్దవాళ్లకన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ ఒంటికి పట్టించుకుంటారు. అలా పట్టినదాంట్లో చాలావరకు ఎముకల్లో ఫిక్స్‌డ్ డిపాజిట్, ఏళ్ల తరబడి కదలదు. ఆడపిల్ల రేపు కడుపుతో ఉన్నప్పుడు అసలు బయటికొచ్చి బిడ్డకు చేరుతుంది. కడుపునొప్పి అంటే ఖలీల్‌వాడి డాక్టరు దగ్గర గ్యాస్ మాత్ర రాయించుకోండి, రక్తంలో సీసం పరీక్ష మాట మాత్రం ఎత్తకండి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు తేలితేనే, ఎక్కణ్నుంచి వస్తోందో వెతకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ గొడవ. ఎవరికి తీరిక?

ఎవరైనా నిలదీస్తే, చక్కెరకూ సీసానికీ పాత చుట్టరికమేనని చెప్పండి. అబద్ధం కాదు: ఫ్యాక్టరీ ల్యాబుల్లో చెరుకురసాన్ని సీసపు ఉప్పుతో తేటపరిచి పోలారిమీటర్‌లో తీపి కొలిచేవారు. బోధన్ శక్కర్‌నగర్‌లోని చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది కాబట్టి, ఆ చుట్టరికం నిలబెట్టే బాధ్యత ఇక మీ పెరటిదే.

పసుపు రైతుకూ ఒక మాట. కొమ్ముకు రంగు తగ్గితే పాలిష్ పట్టేటప్పుడు లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు చల్లొచ్చు. బంగ్లాదేశ్‌లో ఈ విద్య బాగా నడిచేది. 2019లో పరిశోధకులు బయటపెట్టారు, అధికారులు మిల్లుల మీద పడ్డారు, 2021కల్లా మార్కెట్ నమూనాల్లో ఆనవాలే లేదు. నిపుణులు ఖాళీగా ఉండి ఉంటారు, పిలిపించుకోండి. పసుపు బోర్డు ఎలాగూ మన ఊళ్లోనే ఉంది, అడ్రసు వెతుక్కోనక్కర్లేదు.

ఇంత చెప్పినా బ్యాటరీని షాపుకే తిరిగిస్తానంటారా? మీ ఇష్టం. 2022 ఆగస్టు నాటి కేంద్ర నియమాల ప్రకారం, పాత బ్యాటరీలు సేకరించి రీసైక్లింగుకు పంపించాల్సిన బాధ్యత వాటిని తయారుచేసే కంపెనీలదే.