వాయుదేవుల వారికి ఒక విన్నపం

శ్రీ వాయుదేవుల వారి సముఖానికి,

అశ్వారావుపేట నుంచి ఒక క్రికెట్ అభిమాని నమస్కరించి రాసుకుంటున్న బహిరంగ లేఖ.

విషయం: ఏప్రిల్, మే నెలల్లో రాత్రి పూట తమరి రాకపోకల వేళల గురించి.

అయ్యా,

మా ఊరు తమరికి కొత్త కాదు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు ఈ కొస మాది. ఇటు దాటితే జీలుగుమిల్లి, ఆంధ్రా. ఆయిల్‌పామ్, జీడిమామిడి తోటలు, వాటి వెనక అడవి. వేసవిలో పగలంతా నేల మాడిపోతుంది, సాయంత్రానికి ఆ వేడి పైకి లేచి క్యుములోనింబస్ మేఘమై కూర్చుంటుంది. అందాకా మాకు అభ్యంతరం లేదు. మా గోడల్లా తమరు బయల్దేరే ముహూర్తం గురించే. ఐపీఎల్ మ్యాచ్ ఏడున్నరకి మొదలవుతుంది. తమరు మొదటి ఇన్నింగ్స్ అంతా ఓపిగ్గా ఆగుతారు. ఛేజింగ్ పదిహేను ఓవర్లు దాటి, గెలుపు అటా ఇటా అని తేలని వేళ చూసుకుని గాలిదుమారమై దిగుతారు. ఎక్కడో టేకు కొమ్మ విరిగి లైను మీద పడుతుంది. ఊరంతా చీకటి.

లైన్‌మన్‌ని నేనేమీ అనను. ఆ వానలో, ఆ ఉరుముల్లో స్తంభం ఎక్కే మనిషిని ఎప్పుడొస్తుందని అడగడానికే నోరు రాదు. కరెంటుతో పాటు ఇంటర్నెట్ పెట్టె ఆరిపోతుంది. ఫోన్లో చూద్దామంటే ఊరంతా అదే పనిలో ఉంటుంది గనక గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. మామూలు కాల్ మాత్రం కలుస్తుంది. అప్పుడు జంగారెడ్డిగూడెంలో ఉన్న మా అత్తకి ఫోన్ చేస్తాను.

"అత్తా, కరెంటు పోయింది. ఎంతయింది?"

"స్కోరు తర్వాత చెబుతా గానీ, ఆ మీసాలోడు మళ్ళీ లేపాడ్రా!"

"ఎటు అత్తా?"

"బౌలరు నెత్తి మీదుగా. తెరకి అడ్డంగా నల్ల గోడ ఉంటదే, దాన్నీ దాటించాడు. జనంలో ఎవడో పట్టాడు, పాపం చేతిలో కూల్‌డ్రింకు వొలికిపోయింది."

మీసాలోడంటే ట్రావిస్ హెడ్. నితీశ్ కుమార్ రెడ్డిని "మన వైజాగ్ అబ్బాయి" అంటుంది. ఎల్బీడబ్ల్యూ అంటే ఆవిడ లెక్కలో "కాలికి తగిలిందంటూ గోల". అయినా బంతి ఎటు పోయిందో, ఫీల్డరు ఎంత దూరం పరిగెత్తాడో, కెప్టెన్ మొహం ఎలా మాడిందో వరసగా చెబుతుంది. నాకు కనబడదని ఆవిడకి తెలుసు గనక. టీవీలో తెలుగు వ్యాఖ్యాతలకి ఆ దిగులు లేదు. బంతి ఎలాగూ తెర మీద కనబడుతుంది కదా అని సినిమా డైలాగులు వల్లిస్తారు. తమరికి మాత్రమే చెబుతున్నాను, కొన్ని మ్యాచులు కరెంటు పోయాకే నాకు బాగా అర్థమయ్యాయి.

ఇది మా వంశంలోనే ఉంది లెండి. 2001 మార్చి 14న కలకత్తా టెస్టులో లక్ష్మణ్, ద్రావిడ్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా వికెట్ పడకుండా ఆడి ఆ ఒక్క రోజే 335 పరుగులు చేస్తే, మా మావయ్య దాన్ని ట్రాన్సిస్టర్లో విన్నాడు. హిందీ సగం అర్థం కాదు, ఇంగ్లీషు పావు. వ్యాఖ్యాత గొంతు ఎక్కడ లేచిందో చూసుకుని పక్కవాళ్ళకి తెలుగులో చెప్పేవాడట. లక్ష్మణ్ 281 గురించి ఆయన చెప్పింది వింటే, తర్వాత చూసిన వీడియో చప్పగా అనిపించింది.

అత్త కొడుకు, మా బావ, డల్లాస్‌లో ఉంటాడు. అక్కడ వేసవి అంటే బేస్‌బాల్. ఒక్కో జట్టు సీజన్‌కి 162 మ్యాచులు ఆడుతుంది. అన్నీ కూర్చుని చూడాలంటే ఉద్యోగం మానేయాలి. అందుకని కార్లోనూ పెరట్లో గడ్డి కోసుకుంటూనూ రేడియోలో వింటారట. డాడ్జర్స్ జట్టుకి విన్ స్కల్లీ అనే ఆయన 1950 నుంచి 2016 దాకా 67 సీజన్లు వ్యాఖ్యానం చెప్పాడు. లాస్ ఏంజెలెస్‌లో స్టేడియంకి వెళ్ళి ఆట ఎదురుగా చూస్తున్నవాళ్ళు కూడా ఆయన మాట కోసం ట్రాన్సిస్టర్లు పట్టుకెళ్ళేవారు. ఈ సంగతి చెబితే అత్త అడిగిన ప్రశ్న ఒక్కటే: "అన్నేళ్ళూ ఒకే జట్టు గురించి చెప్పాడా? మధ్యలో విసుగొస్తే?"

ఇక తమరి పాత రికార్డు. 1998 ఏప్రిల్ 22న షార్జాలో ఇసుక తుపానుగా వచ్చి ఆట ఆపించారు. నాలుగు ఓవర్లు పోయాయి. ఆ తర్వాత సచిన్ 143 కొట్టి, మ్యాచ్ ఓడినా మనల్ని ఫైనల్‌కి చేర్చాడు. ఆ రాక మాత్రం అమోఘం, మా ఊళ్ళో ఇప్పటికీ తలుచుకుంటాం. మరి 2024 మే 26 సంగతేమిటి? చెన్నైలో ఫైనల్. మన సన్‌రైజర్స్ 113కే ఆలౌట్. కోల్‌కతా వాళ్ళు 10.3 ఓవర్లలో ముగించేశారు. ఈ కరెంటు ఇప్పుడైనా పోకూడదా అని నేను బతిమాలుకున్న రాత్రి అది. బల్బు కనీసం మినుక్కుమనలేదు. తర్వాత తెలిసింది, సరిగ్గా ఆ రాత్రే తమరు రెమాల్ తుపానై బెంగాల్ తీరం దాటే పనిలో ఉన్నారని. అక్కడివాళ్ళు పడిన పాట్ల ముందు నా ఫైనల్ ఎంతలే అని ఊరుకున్నాను.

నాకు హద్దులు తెలుసు. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు కోసి, యాభై ఆకులకొక కట్ట కట్టి కల్లంలో ఆరబెట్టుకున్న కోయ కుటుంబాల అర్జీలు తమరి దగ్గర ఉంటాయి. మామిడికాయ కోతకి రాకముందే నేల రాలిందని ఏడ్చే రైతులవీ ఉంటాయి. నా కాగితం వాటన్నిటి అడుగున పెట్టండి. అసలు రావద్దని కూడా అనను, మే నెల రాత్రి గాలాడకపోతే ఇక్కడ ఎవరికీ నిద్ర పట్టదు. ఇన్నింగ్స్‌కీ ఇన్నింగ్స్‌కీ నడుమ ఇరవై నిమిషాల విరామం ఉంది. అందులో వచ్చి, కొమ్మల జోలికి పోకుండా వెళ్ళిపోండి. మన జట్టు ఆడని రోజుల్లో తమరి ఇష్టం. అత్త కూడా రెండు వారాలకోసారైనా ఫోన్ రాకపోతే నొచ్చుకుంటుంది.

ఇట్లు,
తమరి విధేయుడు,
అశ్వారావుపేట

నకలు:
1. శ్రీ వరుణదేవుల వారికి. 2025 మే 5న ఉప్పల్‌లో ఢిల్లీని 133కే కట్టడి చేశాక, మనవాళ్ళు బ్యాటు పట్టకుండానే వానతో మ్యాచ్ రద్దు చేయించి, జట్టుని ప్లేఆఫ్స్ బయటికి పంపినందుకు సంజాయిషీ కోరుతూ.
2. భద్రాచలంలో రామయ్య కొలువులో ఉన్న తమరి అబ్బాయి శ్రీ ఆంజనేయస్వామి వారికి. నాన్నగారితో ఒక మాట చెప్పి పెట్టమని.